గిన్నెలో మిగిలిన రంగు

ఆ వీధిలో అందరూ ఆమెను రంగులక్క అంటారు. మెట్ల కింద ఒక్క గది, రెండు కుర్చీలు, గోడంత అద్దం, మూలన వేడినీళ్ళ గీజరు. ఇరవై ఏళ్ళుగా ఆ గదిలోనే జనం తెల్లజుట్టుకు రంగేసుకుంటూ హాయిగా బతుకుతోంది. ఉన్న జబ్బల్లా ఒక్కటే, ఏదీ పారేయలేదు. షాంపూ అయిపోతే సీసాలో నీళ్ళు పోసి గిలకరించి మరీ వాడుతుంది. ఇక గిన్నెలో చెంచాడు రంగు మిగిలిందా, పారబోయడానికి ప్రాణం ఒప్పదు. కుదుళ్ళకు పట్టించగా మిగిలింది బ్రష్‌తో కొసల దాకా లాగేస్తుంది. పైగా "ఉండనీ అమ్మా, నీకు ఊరికే వేస్తున్నా" అంటుంది, ఏదో దానం చేసినట్టు!

ఆ దానం అందరికంటే ఎక్కువ పుచ్చుకుంది ట్రాఫిక్ మేడమ్. కూడలిలో ఆవిడ చెయ్యెత్తితే బస్సులు కూడా కిక్కురుమనకుండా ఆగుతాయి. పన్నెండేళ్ళుగా నెల తప్పకుండా వస్తోంది. పైకి గట్టి మనిషే గానీ, ప్రాణమంతా నడుం దిగిన జడలోనే ఉంది. వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ జడ ఆవిడే అల్లేది. డ్యూటీలో ఉన్నంతసేపూ మేడమ్ దాన్ని ముడి చుట్టి, కొసలు లోపలికి దోపి, పైన వల బిగిస్తుంది.

ఒక ఉదయం మేడమ్ దువ్వెన పట్టుకుని వచ్చింది. దాని నిండా తెగిన వెంట్రుకలే.

"చూశావా? ఎండ నా జడని తినేస్తోంది."

"ఎండేనక్కా, ఇంకేముంది!" అంది రంగులక్క. రంగు వేసేటప్పుడు వెంట్రుక పైపొర విచ్చుకుంటుంది. అలా బలం తగ్గిన జుట్టు ఎండలో ఇంకా పాడవుతుంది. ఈ పాఠం ఆమెకు కంఠతా వచ్చు. టోపీ కింద మెడ దాకా నూలు గుడ్డ కట్టుకోమంది, తలస్నానం చేసిన ప్రతిసారీ కండిషనర్ రాయమంది. మేడమ్ రెండు నెలలు చెప్పింది చెప్పినట్టు చేసింది. అయినా జడ తెగుతూనే ఉంది.

"ఇంక నావల్ల కాదమ్మా. భుజాల దాకా కత్తిరించెయ్" అంది కుర్చీలో కూర్చుంటూ. అద్దం వంక చూడలేదు.

రంగులక్క కత్తెర అందుకోలేదు. ముడి తనే విప్పి, జుట్టంతా కిటికీ వెలుగులో పరిచింది. టోపీ అంచు బయట రోజూ ఎండ తగిలే నుదుటి దగ్గరి జుట్టు కాస్త వెలిసింది, అంతే. వేళ్ళ మధ్య మెత్తగానే జారింది. ముడి లోపల ఎండ మొహమే ఎరగని కొసలు మాత్రం చీపురు పుల్లల్లా ఉన్నాయి. మరి వీటినేం తిన్నట్టు? రంగులక్క చూపు కడిగి బోర్లించిన గిన్నె మీద పడింది.

నోరు మూసుకుంటే పోయేదేముంది? నేరం ఎండ మీదకి నెట్టేస్తే ఎండొచ్చి కాదనదు కదా! కానీ ఆ కొసలు చేతిలో పెట్టుకుని అబద్ధం ఆడలేకపోయింది.

"అక్కా, ఇది ఎండ పని కాదు. నాదే."

"నీదేంటి?"

"రంగు కావలసింది కుదుళ్ళ దగ్గర కొత్తగా వచ్చిన తెల్లజుట్టుకే. కొసలకి ఎప్పుడో పట్టేసింది. పారేయడానికి చేతులు రాక ప్రతి నెలా వాటికే మళ్ళీ పూశాను. ఈ కొస వయసు ఐదేళ్ళుంటుంది. అరవై సార్లు కాల్చానక్కా దీన్ని."

మేడమ్ ఆ కొసని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసింది. ఇక ఈ గడప తొక్కదని రంగులక్క నిశ్చయించేసుకుంది.

"ఊరికే వేస్తున్నా అన్నావు కదే!" అంది చివరికి మేడమ్. "అయితే ఎంత తీసెయ్యాలి?"

"జానెడు. మిగతాది నిలబడుతుంది. నాదీ పూచీ."

"కానియ్" అని కళ్ళు మూసుకుంది. కత్తెర ఆడుతున్నంతసేపూ తెరవలేదు. తెరిచాక జడ ముందుకు వేసుకుని, కొస వేళ్ళతో నలిపి చూసుకుంది. భుజాలు దాటి ఇంకా కిందికే ఉంది.

నెల తిరిగేసరికి మేడమ్ మళ్ళీ వచ్చింది. దువ్వెన ఖాళీగా ఉంది. రంగులక్క సంతోషం పట్టలేక ఊళ్ళో కబుర్లన్నీ చెబుతూ కుదుళ్ళకు రంగు వేసింది. చూస్తే గిన్నెలో చెంచాడు మిగిలింది. మాటల్లో పడి, ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ బ్రష్ దాన్ని అద్దుకుని కొసల మీదకి దిగబోయింది.

అద్దంలో మేడమ్ అరచెయ్యి లేచింది. నిటారుగా, బస్సుల్ని ఆపినట్టే.

బ్రష్ ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మేడమ్ రెండో చేత్తో సింకు దారి చూపించింది. రంగులక్క ఉసూరుమంటూ వెళ్ళి కుళాయి తిప్పింది. గిన్నె తెల్లగా కడిగేదాకా మేడమ్ చెయ్యి దించలేదు.