తౌనో కంట్లో ఇనుప రజను

తౌనో ఒకచోట కూర్చోలేని మనిషి. ఆ ఉదయం మా ఆసుపత్రి వరండాలో నాలుగు కుర్చీలు ఖాళీగా ఉంటే నాలుగింటిలోనూ కూర్చుని చూశాడు. ఏదీ నచ్చలేదు. లేచి కిటికీ దగ్గరికి పోయి రేవులో మంచు కరిగిందో లేదో చూశాడు. వెనక్కి వచ్చి గోడ వారన వరండాను వెచ్చబెట్టే రేడియేటర్ అతుకును వేలితో తడిమి, "ఎవడమ్మా ఈ వెల్డింగ్ చేసింది? వాణ్ణి ఇటు పిలు, నాలుగు తగిలిస్తా" అన్నాడు.

నేను మెదడు బొమ్మలు తీసే మనిషిని. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మతిమరుపు మొదలైందేమోనన్న అనుమానంతో వచ్చేవాళ్ళు నా దగ్గర అరగంటకు పైగా కదలకుండా పడుకోవాలి. ఈయనేమో అర నిమిషం నిలవడం లేదు. నాకు అసలే ఓపిక తక్కువ. పైగా ఆ రోజు ఇంకా ఆరుగురు వరుసలో ఉన్నారు.

తౌనో మా ఊరి ఓడల యార్డులో ముప్ఫై ఆరేళ్ళు వెల్డరుగా చేశాడు. రిటైరైన మర్నాడే పెరట్లో ఆవిరిస్నానాల గదిని, సౌనాను, కూల్చి మళ్ళీ కట్టాడు. రెండేళ్ళకు ఆ కట్టిందీ కూల్చి ఇంకోటి కట్టాడు. ఇవన్నీ ఆయన భార్య మైరె చెప్పింది. చేతిసంచీని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి కూర్చుంది.

"కిందటి ఆగస్టులో పడవేసుకుని దీవి మీద మా వేసవి ఇంటికి బయల్దేరాడమ్మా. నలభై ఏళ్ళుగా పోయే దారే. సాయంత్రానికి ఎవరిదో వేరే దీవిలో దొరికాడు. వాళ్ళ కట్టెలు సగం గొడ్డలితో కొట్టేసి, మైరె ఇంకా రాలేదేమిటని వాళ్ళనే అడుగుతున్నాడట."

"కట్టెలు బాగా ఎండాయిలే. కొట్టకపోతే పాడయ్యేవి" అన్నాడు తౌనో కిటికీ దగ్గర్నుంచి.

అప్పటినుంచి పడవ తాళంచెవి ఆవిడ సంచీలోనే ఉంది. నీళ్ళలో పడితే తేలేలా దానికో బెండు బంతి కట్టి ఉంటుంది. ఈ బొమ్మలో ఏ తేడా లేదని తేలితే తాళంచెవి తిరిగి ఇచ్చేస్తానని ఇంట్లో ఒప్పందం. ఆయన వచ్చింది అందుకే. లేకపోతే ఆసుపత్రి గడప తొక్కే రకం కాదు.

వాచీ, బెల్టు తీయించాను. ఆయన ఇంట్లో నింపి తెచ్చిన కాగితం చేతిలో పెట్టుకుని మళ్ళీ ఒక్కొక్కటే అడిగాను. మా యంత్రంలో ఉన్నది పెద్ద అయస్కాంతం, ఒంట్లో ఇనుము ఉంటే ప్రమాదం. గుండెలో యంత్రం ఉందా? లేదు. ఎముకలో మేకులు? లేవు. కంట్లో ఇనుప రజను పడి డాక్టరు దగ్గరికి వెళ్ళారా?

"డాక్టరు దగ్గరికా? జన్మలో లేదు."

మతిమరుపు ఉందేమోనని వచ్చిన మనిషినే పాత సంగతులు గుర్తు చేసుకోమంటాం మేము. అది తప్పేనని తెలుసు కనుక మైరె వైపు చూశాను.

"యార్డు సంగతులు గుమ్మం బయటే వదిలి వచ్చే మనిషమ్మా. నాకేం తెలుసు?" అందావిడ.

సరేనని సంతకం పెట్టాను. గది తలుపు పిడి మీద చెయ్యి వేశాను.

"ఆ అయస్కాంతం ఎంత గట్టిది?" అన్నాడు తౌనో వెనకనుంచి.

"చక్రాల కుర్చీని లాక్కుంటుంది."

"యార్డులో నా పక్కన పనిచేసే ఎన్సియోకి అలాంటిది ఉంటే ఎంత సుఖపడేవాడో. పాపం, అగ్గిపుల్లతో తంటాలు పడేవాడు."

"దేనికి?"

"కంట్లో రజను తీయడానికి."

పిడి వదిలేశాను. "పడలేదని రాశారుగా!" అని అరిచాను. అరవకూడదు, అరిచాను.

"డాక్టరు దగ్గరికి వెళ్ళానా అని అడిగావు అమ్మాయ్. వేలు తెగితే వెళ్తారు డాక్టరు దగ్గరికి. రజనుకి వెళ్తే యార్డంతా నవ్వరూ?"

పుల్ల చివర చెక్కి, రెప్ప తిరగేసి, అన్నం వేళలో ఒకరికొకరు తీసుకునేవారట. యార్డులో ఏ పుస్తకంలోనూ ఆ మాట ఎక్కలేదు. ఇప్పుడు ఆ యార్డు మనుషులెవరొచ్చినా ముందు అగ్గిపుల్ల గురించే అడుగుతాను.

"ఎనభై నాలుగు, ఏప్రిల్, ఎడమ కన్ను" అన్నాడు తౌనో. "ఓడలో కార్లు నిలిపే డెక్కు కింద పని. వాడు మీదికి వంగితే నోరంతా ఉప్పు చేపల కంపు. మొత్తం వచ్చేసింది, ఇక ఏడవకు అన్నాడు వెధవ."

నాకు కోపంలోనూ సంతోషమేసింది. ఇంత చక్కగా గుర్తున్న మనిషికి జబ్బేమిటి? మైరె ముఖం కూడా విప్పారింది. ఆవిడ వేళ్ళు సంచీ జిప్పు దాకా వెళ్ళాయి.

కళ్ళకు ఎక్స్‌రే తీయించాం. ఎడమ కనుగుడ్డు వెనక ఆవగింజలో సగం ఉంది తెల్లటి చుక్క. ఆ తలుపు తీసి లోపలికి పంపి ఉంటే ఆ రజను కదిలేది, కన్ను పోయేది. కాగితం మీద నేను పెట్టిన సంతకం కొట్టేసి, ఈ యంత్రం ఇక ఆయనకు పనికిరాదని, వచ్చేవారం అయస్కాంతం లేని సీటీ స్కాన్ తీస్తామని చెప్పాను.

తౌనోకి మాత్రం పండగలా ఉంది. తెర మీద చుక్కను పదిసార్లు చూశాడు.

"చూశావా మైరె! మొత్తం వచ్చిందన్నాడు, దొంగ! సరే, బొమ్మ తీయలేదు, జబ్బూ లేదు. తాళంచెవి ఇలా ఇవ్వు." చెయ్యి చాపాడు.

మైరె నవ్వుతూ సంచీ తెరిచింది. బెండు బంతి సగం బయటికి వచ్చింది.

"ముందు ఎన్సియో ఇంటికి పోదాం" అన్నాడు తౌనో. "వాడి పనితనం వాడికి చెప్పాలి. మంచు పోగానే వాణ్ణీ పడవెక్కిస్తా. ఇంట్లో కూర్చుని కూర్చుని తుప్పు పట్టి ఉంటాడు."

మైరె చెయ్యి ఆగిపోయింది. ఆయన ఆ సంగతి గమనించకుండా కోటు కోసం వరండాలోకి పరిగెత్తాడు.

"నవంబరులో పోయాడమ్మా ఎన్సియో" అంది ఆవిడ నాతో, చాలా మెల్లగా. "శవపేటిక ముందువైపు పట్టుకున్నది ఈయనే. తోవంతా ఏడుస్తూనే ఉన్నాడు."

వచ్చేవారం నేను తీయబోయే బొమ్మ నాకు అప్పుడే కనిపించింది.

"ఎంతసేపు మైరె? వాడు మధ్యాహ్నం పడుకుంటాడు, మళ్ళీ లేపితే తిడతాడు!"

"వస్తున్నానయ్యా. ముందు ఎక్కడైనా కాఫీ తాగుదాం" అంది మైరె. బెండు బంతిని లోపలికి నెట్టి సంచీ జిప్పు వేసింది.