వంగని టవర్

దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. నేను ఇంజనీరును. కరెంటు టవర్లు ఎంత గట్టిగా నిలబడతాయో లెక్క కట్టడం నా పని. తాడు కట్టి ఇంత బలంతో లాగితే టవర్ కొస ఇంత కదలాలి, అంతే. ఇందులో దయ్యాలకు చోటెక్కడిది? కానీ ఆ రోజు చూసింది చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, ఒక పత్తి చేలో కొత్తగా నిలబెట్టిన టవర్ మీద నుంచి ఫిట్టర్ ఒకతను పడి చనిపోయాడు. తాగి ఎక్కాడని మేస్త్రి చెప్పాడు. ఫిట్టర్ భార్య ఈరమ్మ ఒప్పుకోలేదు. తన మొగుడు చుక్క ముట్టడని, నల్లరేగడిలో పునాది సరిగా వేయలేదని, టవర్ ఊగితేనే పడ్డాడని ఆమె వాదన. ఊళ్లో మాత్రం అందరూ ఆమెను తాగుబోతు పెండ్లామనే అంటున్నారు.

తేల్చడానికి ఆఫీసు నుంచి నన్ను పంపారు. టవర్ నా లెక్క కంటే ఎక్కువ కదిలితే పునాది వదులని అర్థం, ఈరమ్మ మాట నిలబడుతుంది. కదలకపోతే మేస్త్రి మాటే ఖాయమవుతుంది.

మిట్టమధ్యాహ్నం, ఎండ మాడుస్తోంది. టవర్ మీద ఎవరూ లేరు, నేనే చూశాను. టవర్ కొసకు కట్టిన తాడును వించ్ యంత్రంతో లాగడం మొదలుపెట్టారు. కొస ఎంత కదిలిందో చూపించే ముల్లు నా లెక్కను దాటి ఇంకా పోతోంది. పునాది వదులే. ఈరమ్మ వైపు చూసి తల ఊపబోయాను.

అంతలో తాడు కిర్రుమంది. టవర్లు నిలబెట్టే ఈ కూలీల గ్యాంగుల్లో తాడు బిగిసేటప్పుడు కిందున్నవాళ్లు పైనున్నవాళ్లకు కేక వేస్తారు. ఈరమ్మ కూడా మొగుడితో పాటు అక్కడే కూలి చేసిన మనిషి. అలవాటుకొద్దీ అరిచేసింది.

"మామా, పట్టుకో! గెట్టిగ పట్టుకో!"

ముల్లు ఆగింది. లాగే బలం పెరుగుతూనే ఉంది, ముల్లు మాత్రం మెల్లగా వెనక్కి వచ్చి సున్నా దగ్గర నిలబడిపోయింది. కొలిచే పరికరం మార్చాను. తాడు విప్పించి మళ్లీ కట్టించాను. ఏం చేసినా కదల్లేదు. ఎంత మంచి ఇనుమైనా లాగితే వెంట్రుకవాసైనా వంగాలి. ఇది వంగలేదు.

"అట్ల నిలబడితే ఏమి మేడం?" అని ఈరమ్మ అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మేస్త్రి అందుకున్నాడు. "టవర్ గెట్టిగుండాదని. నీ మొగుడు తాగి పడినాడని. నువ్వే గదమ్మా పట్టుకోమంటివి? ఇప్పుడు ఇడ్సమని సెప్పు మల్ల!"

గ్యాంగంతా పగలబడి నవ్వింది. మేస్త్రి చెంప పగలగొట్టాలనిపించింది. ఈరమ్మ మాత్రం టవర్ కొస వైపే చూస్తోంది. నాకే సిగ్గుగా ఉన్నా దగ్గరకు వెళ్లి, వదలమని ఒక్కసారి చెప్పి చూడమ్మా అని అడిగాను.

"ఎట్ల సెప్పేది మేడం? ఇడిస్తే మల్లా పడడా?"

చెప్పలేదు. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

మొదటి కొలత పరికరం తప్పని ఆఫీసులో కొట్టేశారు. టవర్ గట్టిదని, ఫిట్టర్ తాగి పడ్డాడని తేల్చేశారు. నేను ఎన్నిసార్లు లెక్క వేసినా అంత గట్టితనం ఏ టవర్‌కూ రాదు. ఆ రోజు దాన్ని ఏది పట్టి ఆపిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈమధ్య అటువైపు వెళ్లినప్పుడు విన్నాను. తాగుబోతు పెండ్లామని ఎవరన్నా ఈరమ్మ ఇప్పుడు కాదనడం లేదట. కాదంటే టవర్‌ను మళ్లీ లాగి చూస్తారని భయమట.