మిగిలిన కోడితో మా ఆయన పంతం

మా ఆయన పేరు గురప్ప. తిరుపతి నుంచి తిరుమలకి ఘాట్ రోడ్డులో ఇరవై ఆరేండ్లు బస్సు తోలి రిటైరైనాడు. ఆయన ఎట్లాంటోడని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. మంచోడే, కానీ పంతం పట్టినాడంటే పక్కనుండేవాళ్ళకి తల పాణం తోకకొస్తాది. పెండ్లయి ముప్పై నాలుగేండ్లయినా వంటింట్లో గరిటె యాడుంటాదో తెలీదు ఆ మనిషికి. అట్లాంటోడు మొన్న ఎండాకాలం నన్ను బయటికి తోసేసి పొయ్యి ముందర నిలబడినాడు. దానికి కారణం నా నోరే.

అప్పట్లో నాకు రొమ్ములో గడ్డ తీసేసి కీమో పెడతా ఉండిరి. మూడో డోసు పడినాక నా నాలుకకి రుచి సచ్చిపోయినాది. చింతపండు చారు తాగినా మట్టే, చక్కెర పొంగలి తిన్నా మట్టే. నోట్లో పెట్టుకునేది, ఉమ్మేసేది. ఆస్పత్రిలో డాక్టరమ్మ నన్ను తూకం మీద నిలబెట్టి, ముల్లు చూసి, "ఇంకా తగ్గితే నాలుగో డోసు ఆపాల్సొస్తాది చంద్రకాంతమ్మా, మూడు వారాలు టైముంది, ఏదో ఒకటి తిను" అనేసింది. ఆ మాట విన్నప్పటి నుంచి మా ఆయన మొగంలో నెత్తురు లేదు. నాకు మాత్రం భయపడేదానికి గూడా ఓపిక లేకపోయింది.

ఆయన తేని తిండి లేదు. సంగటి తెచ్చినాడు, నాటుకోడి పులుసు తెచ్చినాడు, బిర్యానీ తెచ్చినాడు. "ఒక్క ముద్ద తిను మే" అని గిన్నె పట్టుకోని మంచం చుట్టూ తిరిగేది. నాకు ఒళ్ళు మండేది. మాట తప్పించేదానికి ఫోను పెట్టుకోని వంటల వీడియోలు చూసేదాన్ని. తినలేకపోయినా చూసేదానికేం రోగం చెప్పండి.

అట్లా చూస్తా ఉంటే ఒకరోజు ఒక తెల్లామె కనపడింది, తలంతా నెరిసిపోయినాది. నిన్న కాల్చిన కోడి మిగిలింటే దాని ఎముకల మీద కండంతా పీకి, క్యారెట్టు, ఆలుగడ్డ, పాలు, మిరియాలు వేసి చిక్కగా కూర చేసింది. దాన్ని గిన్నెలో పోసి, పైన మైదాపిండి రేకు మూతేసి, ఓవెన్లో పెట్టింది. చికెన్ పై అంటారంట దాన్ని. నాకు ముచ్చటేసింది. మిగిలిన సంగటి మజ్జిగలో పిసుక్కోని, మిగిలిన అన్నం వడియాలు పెట్టి, మిగిలిన ఇడ్లీ ఉప్మా చేసి సంసారం లాగినదాన్ని నేను.

"సూడయ్యా, యాడో దేశంలో గూడా నా మాదిరి ఒకామె ఉండాది" అన్నా.

"అది చేసిపెడితే తింటావా?" అన్నాడు.

"నువ్వు చేస్తే తింటాలే" అన్నా. ఆయన చేసేది లేదు, నేను తినేది లేదు, ఈ పీడ వదిలిపోతాదని నా లెక్క.

ఆ శుక్రవారం సాయంత్రానికి గ్రిల్ చికెన్ ఒకటి తెచ్చి ఫ్రిజ్జులో పెట్టినాడు. రేపటికి అది మిగిలిన కోడి అవుతాదంట. తెల్లారినాక తలకి తువ్వాలు చుట్టుకోని కత్తి తీసినాడు.

"ఏమయ్యా, ఈరోజు ఏం వారం?" అన్నా.

క్యాలెండరు చూసి కత్తి పక్కన పెట్టేసినాడు. శనివారం మా పొయ్యి మీద నీసు ఎక్కదు, మా అత్త కాలం నుంచి ఉండే కట్టుబాటు. ఏడుకొండలవాడి కొండకి ఇన్నేండ్లు బస్సు తోలి, ఆ స్వామి వారాన్నే మర్చిపోయినాడు. ఆరోజు మధ్యాన్నం నాలుగు గంటలు కరెంటు గూడా పోయి, ఆదివారానికి కోడి వాసనొచ్చేసింది. వీధి కుక్కలు పండగ చేసుకున్నాయి.

రెండో వారం ఇంకో చిక్కొచ్చి పడింది. కోడి మిగలాలంటే ముందు తినేవాళ్ళుండాల కదా. నేను తినను. నేను కడుపు నిండా తినేదాకా తాను నీసు ముట్టనని ఆయన మొక్కుకోనుండాడు. కొత్త కోడితో చేసుకోవచ్చు కదయ్యా అంటే వినడు. ఆమె మిగిలినదాంతో చేసింది, నేనూ అట్లనే చేస్తా అంటాడు. ఆదివారం కోడిని తీసుకోని పక్కింటి నిస్సీ దగ్గరికి పోయినాడు. నిస్సీ బేకరీలో పని చేస్తాది, అప్పుడే చర్చి నుంచి వచ్చిండారు వాళ్ళింట్లో అందరూ.

"ఇది తినండి పాపా, సగం మిగల్చండి" అన్నాడు.

"ఏంది పెదనాయనా, మిగిల్చేదానికి తినమంటావా?" అని పడీ పడీ నవ్వింది నిస్సీ.

"నీకు కష్టమైతే చెప్పు, ఇంకో ఇల్లు చూసుకుంటా" అన్నాడు, నవ్వకుండా.

కాళ్ళూ రెక్కలూ వాళ్ళు తిన్నారు. మిగిలింది సోమవారం మా పొయ్యెక్కింది. పిండిని చపాతీకి పిసికినట్టు అరగంట పిసికినాడు. పాత కుక్కరులో ఇసుక పోసి, దానిమీద గిన్నె పెట్టి కాల్చినాడు. పైరేకు చెప్పు అట్ట మాదిరి తయారైంది, కత్తి దిగలేదు. నేను వారం రోజుల తర్వాత మొదటిసారి నవ్వినా. ఆయనకి రోషమొచ్చేసింది.

"బస్సు మొరాయిస్తే లోయలో తోసేస్తామా? ఇదీ అంతే" అని మళ్ళీ నిస్సీ దగ్గరికి పోయినాడు.

నిస్సీ చెప్పింది, పిండి పిసకకూడదు, చల్లటి వెన్న ముక్కలు మైదాలో వేసి వేళ్ళ కొసలతో రవ్వ మాదిరి నలపాల, వెన్న కరక్కూడదు అని. స్టీరింగు పట్టిన చేతులు, పెనం మాదిరి కాగతా ఉంటాయి. మూడో వారం గూడా ఆదివారం వాళ్ళు మిగిల్చిన కోడి తెచ్చుకోని, సోమవారం ఐసు నీళ్ళలో చేతులు ముంచేది, తుడుచుకునేది, మళ్ళీ నలిపేది. మైదా ఎగిరిపోతాదని ఫ్యాను ఆపేసినాడు. మే నెల మధ్యాన్నం, తిరుపతిలో, ఫ్యాను లేకుండా. బనీను ఒంటికి అంటుకోని పోయింటే చూడలేక "చాలు లేయ్యా, నేను ఏదో ఒకటి తింటాలే" అని అరిచినా.

"గురువారం డోసుండాది" అన్నాడు. అంతే. తలెత్తలేదు.

అప్పుడు నాకు నిజంగా భయమేసింది, ఈయన్ని ఒంటరిగా వదిలి పోతానేమోనని.

ముప్పావు గంట కుక్కరు ముందర స్టూలేసుకోని కూచున్నాడు. మూత తీసినాక చూస్తే పైరేకు బాగా ఎర్రగా కాలి, అంచుల్లో పొరలు పొరలుగా లేచిండాది. ఒక ముక్క కోసి ప్లేటులో పెట్టి, చెంచా నా చేతికిచ్చి ఎదురుగా నిలబడినాడు. నాకు ఆకలి లేదు. ఆయన మొగం చూసి, జాలికి నోట్లో పెట్టుకున్నా.

రేకు కరకరమని విరిగింది. కోడి మెత్తగా ఉండాది. మిరియం కొంచెం సుర్రుమనింది. రెండోసారి నమిలినాక నాకు కోపమొచ్చేసింది.

"ఏమయ్యా, ఉప్పేసినావా దీంట్లో?"

"కోడిలో ఉప్పుండాది కదా, సాల్తాదని..."

"యాడ సాల్తాది? సప్పగా ఉండాది. ఎట్లా తినేది దీన్ని?"

మొక్కుండేదానికి ఆయన రుచి చూడలేదు, ఎట్లా తెలుస్తాది పాపం. ఇంకా ఏదో వాదించబోయి నోరు తెరిచినోడు, అట్లనే ఆగిపోయినాడు.

"ఏమన్నావు మే? ఇంకోసారి చెప్పు."

"సప్పగా ఉండాదంటి" అన్నా. అన్నాక నాకూ తెలిసొచ్చింది. ఇన్ని దినాలు ఏది తిన్నా మట్టే. మట్టికి ఉప్పు తక్కువైందని ఎవరూ అనుకోరు.

మా ఆయన కిందనే కూలబడి, పిండి చేతులు మొగానికి అడ్డం పెట్టుకోని ఏడ్చినాడు. ఆయన ఏడ్చేది నేనెప్పుడూ చూడలేదు, మా అత్త పోయినప్పుడు గూడా. నేనూ ఏడ్చినా, చెంచా వదలకుండా. కాసేపటికి లేచి ఉప్పు డబ్బా తెచ్చేదానికి పోతా ఉంటే వద్దన్నా. ఉప్పు లేదని తెలుస్తా ఉండాది సూడు, దాన్ని కొంచేపు అట్లనే తిననీ అన్నా. ముక్కంతా తిని, ఇంకోటి పెట్టమని ప్లేటు చాపినా.

గురువారం తూకంలో ముల్లు కిందికి దిగలేదు. నాలుగో డోసు పెట్టినారు.