కెప్టెన్‌కి తెలియని జబ్బు

నోరు విప్పని పిల్ల ఒక్కసారి విప్పితే ఎంత ప్రళయం వస్తుందో చెబుతాను, వినండి.

మా కార్తీక్ అన్నయ్య అమెరికా ఆర్మీలో ఉన్నాడు. రెండేళ్ల క్రితం సెలవుపై నేపర్‌విల్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోవడానికి పడే అవస్థ చూసి, గుచ్చి గుచ్చి అడిగాను. చెవిలో చెప్పాడు: "పైల్స్."

"మీ కెప్టెన్‌కి తెలుసా అన్నయ్యా?"

"రన్నింగ్ వద్దని మాత్రమే ఆర్మీ డాక్టర్ ఆయనకి చెప్పారు. ఏం జబ్బో చెప్పక్కర్లేదు, అది నా ప్రైవసీ. కానీ అమ్మకి తెలిస్తే డైరెక్ట్‌గా కెప్టెన్‌కే ఫోన్ చేస్తుంది. ఇంక యూనిట్‌లో నేను తలెత్తుకోలేను. ప్రామిస్ చెయ్యి!"

చేశాను. రహస్యాలు దాచడంలో నన్ను మించిన వాళ్లెవరు? పార్టీల్లో నా సంభాషణంతా "హలో ఆంటీ", "తిన్నాను ఆంటీ". మిగతాదంతా డైరీకే.

కానీ అన్నయ్య బాధ చూడలేకపోయాను. ఆ శనివారం, ఊళ్లో తెలుగువాళ్లంతా తలా ఓ వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో, రిటైరైన డాక్టర్ మూర్తి అంకుల్‌ని ఓ మూల పట్టుకున్నాను. ఎంత తెలివిగా అడిగాననుకున్నారు! పేరు చెప్పనే లేదు.

"అంకుల్, నా ఫ్రెండ్ ఒకరు ఆర్మీలో ఉన్నారు. పైల్స్‌కి ఏం తినాలి?"

మా ఊరి తెలుగువాళ్లలో ఇంజనీర్లు ఇసుక రేణువుల్లా ఉన్నారు. ఆర్మీవాడు మాత్రం సూర్యుడిలా ఒక్కడే. ఈ సంగతి నాకు తట్టలేదు.

అంకుల్‌కి వినికిడి తక్కువ, గొంతు ఎక్కువ. "అయ్యో, మన కార్తీక్‌కా! ఏమ్మా సుజాతా, మీవాడికి రోజూ కంద పెట్టు!" అని హాలు దద్దరిల్లేలా అన్నారు.

అమ్మ చేతిలో ప్లేటు వంగిపోయింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మర్నాడు అడక్కుండానే ఆంటీలందరూ పెట్టారు: కంద వేపుడు, కంద పులుసు, కంద బచ్చలి. అన్నయ్య అందరికీ నిలబడే థాంక్స్ చెప్పాడు.

"నేను పేరు చెప్పలేదన్నయ్యా," అన్నాను ఏడుపు గొంతుతో.

"అవునే, అడ్రస్ మాత్రమే చెప్పావు!"

అంతలో అమ్మ వచ్చింది. "మీ యూనిట్‌వాళ్లు ఫ్యామిలీలకి ఇచ్చిన నంబర్‌కి చేశాన్రా. మీ కెప్టెన్ ఎత్తలేదు. నీ జబ్బేంటో, కంద ఎలా వండాలో అంతా మెసేజ్‌లో చెప్పేశాను."

అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. కెవ్వుమని వెంటనే లేచాడు.

సాయంత్రం కెప్టెన్ ఫోన్ చేశారు. అన్నయ్య కొయ్యలా నిలబడి "యెస్ సర్, యెస్ సర్" అని ఫోన్ పెట్టేశాడు.

"తిట్టారా?"

"లేదే. మీ అమ్మగారి మెసేజ్ నేను వినలేదు, నీ జబ్బేంటో నాకు తెలియదు అన్నారు."

"హమ్మయ్య!"

"ఆ దుంప ఏ షాపులో దొరుకుతుందని అడిగారు. ఎందుకని మాత్రం అడగొద్దన్నారు."

సమస్త వైద్యశాస్త్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఎవరి ఒంటి సంగతీ నా నోట వెలువడదు. నా పక్కన కూర్చున్నవాళ్లు తుమ్మినా సరే, ఎవరు తుమ్మారంటే నాకు తెలియదనే చెబుతాను.