గొంతు రంధ్రానికి కాటన్ వేస్టు కట్టినాను

రైల్వే వర్క్‌షాపులో క్రేన్ కింద నిలబడి "ఆపు!" అని అరిచినాను. గాలి వచ్చింది, మాట రాలేదు. వ్యాగన్ చక్రాల జత నా బూట్ల ముందే దిగింది. బీడీ వల్ల గొంతు పట్టేసిందనుకుని రెండు నెలలు ఊరుకున్నాను. బుద్ధితక్కువ పని.

ఆస్పత్రిలో గొంతులో అద్దం పెట్టి చూసినారు. చిన్న ముక్క కోసి బయాప్సీకి కలకత్తా పంపినారు. "కేన్సర్ హై, దాదా. వాయిస్ బాక్స్ తీసేస్తే బతుకుతావు" అన్నాడు డాక్టరు.

"తీసెయ్యండి" అన్నాను. ఇంక ఆలోచించలేదు.

ఆ ఆపరేషను, లారింజెక్టమీ, అయినాక ముక్కుతో ఊపిరి లేదు. మెడ కింద రంధ్రం, స్టోమా అంటారు, దాంతోనే. ఎప్పుడో నలభై దాటినాక మా ఆవిడ సీతమ్మ నాకు పలక మీద అక్షరాలు నేర్పింది. ఆ పలకే ఇప్పుడు నోరయింది. కోపమొస్తే పెద్ద పెద్దగా రాసేవాణ్ణి.

"గొంతు పోయినా అరుపు పోలేదు ఈ మనిషికి" అనేది ఆవిడ.

మా అమ్మాయి సత్యవతి ఊళ్ళోనే మలంచా అనే పేటలో కంప్యూటర్ సెంటర్లో పని చేసేది. తొంభైల చివర, ఇంటర్నెట్ కొత్త. నాలాటి రోగులు మాట్లాడుకునే చోట్లు రెండు కనిపెట్టింది. ఒకటి వెబ్ ఫోరం. నోటీసు గోడలాటిది. ప్రశ్న అంటించి రావాలి, జవాబు కోసం మళ్ళీ మనమే వెళ్ళాలి. పేజీ తెరుచుకునేలోపు లైను తెగిపోయేది. రెండోది ఈమెయిల్ మెయిలింగ్ లిస్టు. ఒకరు రాసిన ఉత్తరం అందరి పెట్టెల్లోకీ అదే వచ్చి పడుతుంది. అమ్మాయి ప్రింటు తెచ్చి తెలుగులో చెప్పేది. సగం చెత్త. ఎవడింట్లో కుక్క ఈనిందో నాకెందుకు?

చలికాలం స్టోమాలో కఫం ఎండి పెచ్చు కట్టింది. ఆస్పత్రి పట్టీ తొందరగా ఆరిపోయేది. ఏటి కప్పుకుంటే తడి నిలుస్తుందని ఫోరంలో అడిగించినాను. రెండు రోజులు చూసినాం, జవాబు లేదు, వదిలేసినాం.

కాటన్ వేస్టు ఉండనే ఉంది. షాపులో చేతి నూనె తుడుచుకునే నూలు పోగుల ముద్ద. ముప్పై ఏళ్ళు నా చేతిలో ఉన్నదే. కొత్తది ఉడకబెట్టి, తడిపి, మెడకి కట్టినాను. హాయిగా ఉంది. దగ్గొచ్చింది, లెక్కచెయ్యలేదు. వారం పోయాక "ఈ కిటుకు అందరికీ చెప్పు" అని పలక మీద రాసినాను. అమ్మాయి లిస్టుకి పంపింది.

మర్నాడు మధ్యాహ్నం రిక్షా దిగి పరిగెత్తుకొచ్చింది. "తియ్యి నాన్నా అది!"

ఏటయింది అని రాయబోతే పలక లాగేసింది. లిస్టులో ఎవరో రిటైరైన బస్సు డ్రైవరు, అతనికీ గొంతు లేదు, రాసినాడట: "ముందు తీసెయ్యి. తరవాత చదువు." ఇంకో నలుగురు అదే తిట్టు.

ఆస్పత్రిలో డాక్టరు ట్రేకియాలోంచి, ఊపిరితో లోపలికి పోయిన పోగులు ఫోర్సెప్స్‌తో లాగినాడు, రక్తంతో సహా. "దాదా, ఇది వ్యాగన్ కాదు, ఊపిరి గొట్టం. ఇంకొన్నాళ్ళయితే మూసుకుపోయేది." పది రోజులు బెడ్డు మీద ఉన్నాను.

ఇంటికొచ్చినాక ఫోరం తెరిపించినాను. మేం వదిలేసిన మర్నాడే జవాబు పడి ఉంది. పలచటి నేత గుడ్డ రెండు మడతలు తడిపి కట్టు, పోగులు ఊడేది ఏదీ వద్దు. ఇదే మాట రెండేళ్ళ కిందట ఇంకొకడికి చెప్పినది కూడా అక్కడే ఉంది. మేం వెళ్ళలేదు, అంతే. అలాగని లిస్టే గొప్పదనను. ఆ డ్రైవరు ఉత్తరం ఇప్పుడు చూపించమంటే లేదు. పెట్టె నిండిందని అమ్మాయి చెరిపేసింది. తప్పు చేస్తున్నవాణ్ణి చెయ్యి పట్టి ఆపింది లిస్టు. తప్పు చెయ్యకముందే చూసుకోవాల్సింది ఫోరం.

ఇప్పుడు గాలి మింగి, తేన్పు మీద మాట్లాడతాను. మూడు మాటలకోసారి ఆగాలి. మా రైల్వే ట్రాఫిక్ కాలనీలో కూరలమ్మే దీదీకి అర్థం కాకపోతే మళ్ళీ చెప్తాను. పలక తియ్యను.

మొన్న లిస్టులో ఒకామె, భర్త స్టోమా మీద దూది పెడుతున్నానని రాసింది. "నేను రాస్తాలే నాన్నా" అంది అమ్మాయి. వద్దన్నాను. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ వెతుక్కుని నేనే కొట్టినాను. ముందు తీసెయ్యి, తరవాత చదువు.

మీకూ చెప్పేది ఒకటే. డాక్టర్ని అడగండి, లిస్టులో అడగండి, ఫోరంలో అడగండి. జవాబు చూసేదాకా మాత్రం మెడ మీద కొత్తదేదీ పెట్టకండి.