ఆవిరి తాత మూసిన తలుపు

ఆవిరి తాత ఒక యుద్ధనౌకలో బాయిలర్ పనివాడు. ఆ నౌక మూడు యుద్ధాలు చేసింది. ఆయన మాత్రం అడుగు గదిలో ఆవిరి మీటరు తప్ప మరేమీ చూడలేదు. మూడో యుద్ధంలో టార్పెడో తగిలి పక్క గదిలోకి నీళ్లు దూసుకొచ్చాయి. మధ్య తలుపు బిగించమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. అవతల తన స్నేహితుడు పొట్టోడు ఉన్నాడని తెలిసే బిగించాడు. నౌక బతికింది. ఆయనకు పతకం ఇచ్చారు. ఆపైన ఆయన ఎవరితోనూ మనసు విప్పలేదు, పెళ్లి మాట ఎత్తనివ్వలేదు.

ముప్పై ఏళ్లకు నౌకను ముక్కలు చేస్తున్నారని విని వెళ్లాడు. ఆ తలుపు కోయబోతున్న పనివాణ్ని ఆపాడు.

"ఒక్కసారి తెరుద్దాం నాయనా."

ఇద్దరూ లాగితే కిర్రుమంటూ తెరుచుకుంది. లోపల ఏమీ లేదు.

"ఏం వెతుకుతున్నావు తాతా?"

"వాడు చాలాసేపు తలుపు కొట్టాడు నాయనా. ఈ మాట నేనెవరికీ చెప్పలేదు."

పనివాడు కోత యంత్రాన్ని కింద పెట్టాడు. తాత అక్కడే చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.