అవ్వ కంబళి, గుండె సంచి

ఆ రోజుల్లో మా కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో డాక్టరు చదువుకు పోయినవాడు సెలవులకు ఇంటికొస్తే, వాణ్ణి సగం డాక్టరనేవాళ్లు కారు, ఒకటిన్నర డాక్టరనేవాళ్లు. నేను రెండో ఏడు చదువుతున్నాను. నాకు తెలిసిందంతా శవాల బల్ల దగ్గర నేర్చుకున్నదే. బతికున్న మనిషి గుండె వినడం మాకింకా నేర్పలేదు (ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు). సీనియర్ని బతిమాలి తెచ్చుకున్న స్టెతస్కోపును మాత్రం మెడలో వేసుకునే అన్నం తినేవాణ్ణి.

రెండేళ్ల కరువు తర్వాత ఆ సెలవుల్లో మంచి వాన పడింది. వేరుశనగ విత్తాలి, నేలలో పదును, అంటే విత్తడానికి సరిపడే తడి, రెండు రోజులకు మించి ఆగదు. పొద్దున్నే నాయన ఎద్దులకు విత్తనాలేసే గొర్రు కడుతుంటే లోపల అవ్వ దగ్గింది. దగ్గితే ఎదలో పట్టుకుంటాండాదని చెప్పింది. ఇంకేం, నేను రంగంలోకి దిగాను. అవ్వ మెడ దాకా కంబళి కప్పుకుని ఉంది. తీయమనడానికి సిగ్గేసి దాని మీదే స్టెతస్కోపు పెట్టాను. లోపల గరగరమని ఏదో ఒరుసుకుంటోంది. నాయనను లోపలికి పిలిచాను.

"గుండె చుట్టూ రెండు పొరల సంచి ఉంటాది నాయనా. గుండెను జరగనీకుండా పట్టుకునేది అదే. ఆ పొరల మధ్య రెండు మూడు చెంచాల నీళ్లుంటాయి. ఆ తడి ఉంటేనే గుండె ఒరుసుకోకుండా కొట్టుకుంటాది. అవ్వకు ఆ పొరలు గరుకెక్కి రాసుకుంటాండాయి" అన్నాను.

"బాయిలో ఎండినాయనుకుంటి, నాలోన కూడా ఎండినాయా నీళ్లు?" అంది అవ్వ.

"బతుకుతాదా?" అని అడిగాడు నాయన.

"ఇప్పుడే ఆస్పత్రికి పోతే" అన్నాను. ఆయన ఒకసారి చేను వైపు చూశాడు, ఒకసారి తల్లి వైపు చూశాడు. గొర్రు విప్పి అవే ఎద్దులను బండికి కట్టాడు.

ఆస్పత్రికి మూడు గంటల దారి. రెండు పక్కలా జనం విత్తుతూనే ఉన్నారు. ఎండ ఎక్కేకొద్దీ తడి ఆరి నేల రంగు మారుతోంది. అవ్వ చెయ్యి పట్టుకుని కూర్చున్న నాకు ఆమె చచ్చిపోతుందేమోనని భయం, ఏమీ లేదంటే నా గతేమిటని ఇంకో భయం (ఆ రెండోది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే).

ఆస్పత్రిలో నేను సంచి సంగతి చెప్పగానే డాక్టరు మొదట చేసిన పని కంబళి తీయించడం. తను విని, గొట్టాలు నా చెవులకు పెట్టాడు. లబ్ డబ్, లబ్ డబ్, నున్నగా. తర్వాత కంబళి కప్పి మళ్లీ వినమన్నాడు. గరగర.

"గొర్రెబొచ్చప్పా ఇది. సంచి బాగుండాది, ఉండేది వట్టి దగ్గే" అన్నాడు.

నాకు అక్కడే ఏడుపొచ్చింది. నాయన కొడతాడనుకున్నాను. ఆయన తల్లి కాళ్ల దగ్గర కాసేపు కూలబడి, తర్వాత లేచాడు. "పదునుండాది ఇంకా, పాండి" అన్నాడు.

మర్నాడు మిగిలిన తడిలో సగం చేనే విత్తగలిగాం. తక్కిన సగం ఆ ఏడు బీడే. నాయన ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. అవ్వ మాత్రం నేను సెలవులకొచ్చినప్పుడల్లా కంబళి పక్కన పెట్టి, "లోపల పదునుండాదేమో చూడప్పా" అని కూర్చునేది. తర్వాత నలభై ఏళ్లు డాక్టరుగా పనిచేశాను. ముందు బట్ట తీయించి, ఆ తర్వాతే గొట్టం పెట్టాను, మళ్లీ అలా పొరబడలేదు. కానీ ఆ రెండో ఏటి కుర్రాడు కంబళి మీద విన్నంత భయంగా, అంత ప్రేమగా మళ్లీ ఏ గుండెనూ విన్నట్టు గుర్తు లేదు.